పెద్ద కొట్టు బజారుకు రావాలి, బజారు మాల్‌కు పోకూడదు

నెల్లూరు చిన్నబజారులో రద్దీ తగ్గలేదు. బేరం తగ్గింది.

ఈ రెండింటికీ తేడా తెలియని పెద్దమనుషులు ట్రంకు రోడ్డులో కారు అద్దాల్లోంచి చూసి, "బజారుకేం, కళకళలాడుతోంది" అని తీర్పు చెప్పేస్తున్నారు. నిజమే. ఆటోలున్నాయి, బైకులున్నాయి, తోపుడు బండ్లున్నాయి, చెవులు చిల్లులు పడే హారన్లున్నాయి. లేనిదల్లా చెప్పులు విడిచి కొట్లోకొచ్చి, పరుపు మీద కూర్చుని, "ఆ పై అరలోది తియ్యి" అనే మనిషి.

మొన్నొక సాయంత్రం గాజుల కొట్టు పెద్దాయన దగ్గర కూర్చున్నాం. గంటన్నరలో ముగ్గురొచ్చారు. ఒకాయన ఐదొందలకు చిల్లర అడిగాడు. ఒక పెద్దామె డజను మట్టిగాజులు కొంది. ఒక కుర్రాడు బైకు దిగకుండానే దారి అడిగి పోయాడు. దారి ఎక్కడికన్నాం. పెద్దాయన నవ్వాడు. "ఇంకెక్కడికబ్బయా, మాల్‌కే."

ఆ నవ్వు చూసొచ్చాక ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోయాం.

ముందే చెబుతున్నాం. మేం మాల్‌కు శత్రువులం కాదు. నెల్లూరులో ఎంజీబీ మాల్‌కు మేమూ పోయాం, సినిమా చూశాం, చల్లగాలికి తిరిగొచ్చాం. పెద్ద కంపెనీ ఊళ్ళోకి రాకూడదని కర్రలు పట్టుకుని నిలబడే వాళ్ళమూ కాదు. రానీండి. మా గొడవంతా ఒక్కటే. వచ్చేవాడు ఎక్కడ దిగుతున్నాడు? ఊరి నడుమ బజారులో దిగితే వాడి వెనకాల పదిమంది బతుకుతారు. ఊరి చివర గాజు పెట్టెలో దిగితే ఆ పదిమంది పొట్టా కొడతాడు.

బోర్డు ఒకటే, బతుకు వేరు

మన తెలుగు ఊళ్ళల్లో ఒక చిత్రం ఉంది. నాలుగంతస్తుల బట్టల కొట్టుకు కూడా 'షాపింగ్ మాల్' అనే బోర్డు కడతారు. అది మాల్ కాదు, పెద్ద కొట్టు. దాని తలుపు రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. అందులోంచి బయటికొచ్చిన మనిషి వీధిలో అడుగు పెడతాడు. అసలు మాల్ అట్లా కాదు. ఒకే కప్పు కింద బట్టలు, చెప్పులు, సెల్‌ఫోన్లు, సినిమా, తిండి, బండి పెట్టుకునే చోటు అన్నీ ఉంటాయి. లోపలికి పోయినవాడు రూపాయి మిగలకుండా ఖర్చు పెట్టి, కింద అంతస్తులో బండెక్కి నేరుగా ఇంటికి పోతాడు. వీధి వాడికి కనపడదు, వీధికి వాడు కనపడడు.

బజారు లెక్క చూడండి. ఇందుకూరుపేట వైపు నుంచో, మైపాడు నుంచో, ముత్తుకూరు నుంచో ఒక కుటుంబం పెళ్ళి బట్టలకు నెల్లూరు వచ్చిందనుకోండి. పట్టుచీరలు పెద్ద కొట్లోనే కొంటారు. ఆ తర్వాత? మ్యాచింగ్ జాకెట్టు గుడ్డకు ఇంకో కొట్టు. ఫాల్, పీకో వేసే మిషను దగ్గర గంట సేపు. ఆ గంటలో గాజులు, పూసలు, బొట్టు బిళ్ళలు. ఆచారి వీధిలో తాళిబొట్టు. స్టీలు సామాన్ల కొట్లో పెళ్ళికూతురికి బిందె. నడుమ భోజనం, రెండు సార్లు టీ, పిల్లోడికి నిమ్మసోడా, తిరిగి బస్టాండుకు ఆటో. ఒక్క చీర బేరం వెనక ఎన్ని పొయ్యిలు వెలిగాయో లెక్కపెట్టండి. అదే చీర మాల్‌లో కొంటే ఆ పొయ్యిల్లో సగం ఆరిపోతాయి. తక్కిన సగం ఎవరివి? లోపల అద్దె కట్టగలిగిన కంపెనీలవి.

ఇంకోటి కూడా ఉంది. మన తీరంలో డబ్బు అలలాగా వస్తుంది, అలలాగా పోతుంది. 1994లో తెల్లమచ్చ తెగులు రొయ్యల చెరువుల్ని ఊడ్చిపెట్టిన సంగతి పాతవాళ్ళకు గుర్తే. వలకు చేప పడని రోజులుంటాయి, వరికి ధర రాని ఏడాది ఉంటుంది. "పంట చేతికొచ్చాక ఇస్తాలే" అంటే తలూపి పుస్తకంలో రాసుకునే కొట్టు బజారులోనే ఉంది. మాల్‌లో కంప్యూటరు బిల్లు కొడుతుంది. దానికి మన చెరువు సంగతి తెలియదు, మన ముఖమూ తెలియదు.

మద్రాసును చూసి ఏడవడం కాదు, నేర్చుకుందాం

పొట్టి శ్రీరాములు 1952లో మద్రాసులోనే ప్రాణం వదిలాడు. 2008లో మన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. మద్రాసు మనది కాలేదు గానీ మన పెళ్ళిబట్టల డబ్బు మాత్రం నేటికీ మద్రాసుదే. తెల్లారుజామున రైలెక్కి టీనగర్‌లో దిగే నెల్లూరోళ్ళను చూడాలంటే పెళ్ళిళ్ళ సీజన్లో స్టేషనుకు పోండి.

ఎందుకు పోతున్నారు? అక్కడ మాల్స్ ఉన్నాయనా? 2010లో ఎక్స్‌ప్రెస్ అవెన్యూ, 2013లో ఫీనిక్స్ మార్కెట్ సిటీ ఆ నగరానికి వచ్చాయి. టీనగర్ చచ్చిందా? చావలేదు. మనవాళ్ళు ఇప్పటికీ టీనగర్‌కే పోతున్నారు. పెద్ద పెద్ద బట్టల కొట్లు, బంగారు కొట్లు ఆ వీధుల్లోనే పాతుకున్నాయి. వాటి మెట్ల కిందే పూల బుట్టలు, జడపిన్నులు, ప్లాస్టిక్ సామాన్లు. సర్కారు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2013లో పాండీబజారు వీధి వ్యాపారులకు అక్కడే భవనం చూపించింది. 2019లో ఆ రోడ్డు కాలిబాటలు వెడల్పు చేసి నడిచేవాళ్ళకు పెద్దపీట వేసింది. 2023లో మాంబళం స్టేషను నుంచి బజారు దాకా పైవంతెన నడకదారి కట్టింది. జనం నడవగలిగితే బజారు బతుకుతుందని వాళ్ళకు అర్థమైంది.

అక్కడ అంతా బంగారమేనని మేమనడం లేదు. 2017లో టీనగర్‌లో ఏడంతస్తుల బట్టల కొట్టు భవనం తగలబడి, చివరికి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. పెద్ద కొట్టు బజారులోకి రావాలంటే నిప్పు భద్రత, బయటికి దారి, ఫైరింజను తిరిగే చోటు చూసుకునే రావాలి. ఇరుకు సందులో అద్దాల మేడ కట్టి లంచంతో అనుమతి తెచ్చుకునే పద్ధతి మాకొద్దు.

కాస్త దూరం చూద్దాం. కప్పు వేసిన మాల్ అనేదాన్ని అమెరికాకు పరిచయం చేసింది విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్టు. 1956లో మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ కట్టాడు. దాని చుట్టూ ఇళ్ళు, బడులు, జనజీవనం అల్లుకుంటాయని ఆశపడ్డాడు. వచ్చింది కార్ల పార్కింగు. ఊళ్ళ నడిబొడ్లు పాడుబడ్డాయి. చివరికి ఆయనే ఈ మాల్స్ నావి కావని చేతులు దులుపుకున్నాడు. బ్రిటన్‌లో కూడా ఊరి బయట పెద్ద దుకాణాలు పెరిగి ఊరి నడుమ వీధులు బోసిపోయాకే సర్కారు మేల్కొంది. 1996లో ఒక నియమం గట్టిగా పెట్టింది. పెద్ద దుకాణం పెట్టేవాడు ముందు ఊరి నడుమ చోటు వెతకాలి. అక్కడ లేకపోతే ఆ పక్కన. ఎక్కడా లేదని తేలాకే ఊరి బయట. పెట్టుబడికి పుట్టిల్లయిన దేశాలే ఇంత జాగ్రత్త పడితే మన పాలకులకు ఆ మాత్రం ఇంగితం ఉండొద్దా?

ఇంకో భ్రమ కూడా వదిలించుకోవాలి. పెద్ద కంపెనీ అంటే శాశ్వతమని మనకొక నమ్మకం. 2001లో హైదరాబాదు అబిడ్స్‌లో బిగ్ బజార్ తెరిచినప్పుడు జనం విరగబడ్డారు. 2022లో ఆ కంపెనీ అప్పుల కింద కూలి దివాలా కోర్టు గడప ఎక్కింది, దేశమంతా బోర్డులు దిగిపోయాయి. మాల్‌కు ఆయువుపట్టు లాంటి పెద్ద కొట్టు మూతపడితే మాల్ మొత్తం వెలవెలబోతుంది. బజారుకు ఒక్క గుండె కాదు, వెయ్యి గుండెలుంటాయి. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్. వరసగా మూడు దెబ్బలు తిని కూడా చిన్నబజారు షట్టరు పొద్దున్నే లేస్తోందంటే అందుకే.

మా వాళ్ళే అడిగిన ప్రశ్న

"పెద్ద కొట్టును బజారులోకి పిలిస్తే పక్కనున్న చిన్న బట్టల కొట్టు గతేంది?" అని మా మిత్రులే నిలదీశారు. నిజాయితీగా ఒప్పుకుంటాం. ఎదురుగా అదే సరుకు అమ్మే చిన్న కొట్టుకు దెబ్బ తగులుతుంది. కొందరు సరుకు మార్చుకోవాల్సి వస్తుంది. కానీ ఆ దెబ్బ మాల్ వచ్చినా తగులుతుంది. మాల్ వస్తే దెబ్బే మిగులుతుంది. బజారులోకి వస్తే దెబ్బతో పాటు జనం కూడా వస్తారు. జనం ఉంటే తెలివైన వ్యాపారి దారి వెతుక్కుంటాడు. జనమే లేకపోతే ఎంత తెలివున్నా ఈగలు తోలుకోవాల్సిందే.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మన ఆడవాళ్ళు మాల్‌కు ఎందుకు మొగ్గుతున్నారో ఎప్పుడైనా అడిగామా? ఏసీ కోసమో, గొప్ప కోసమో కాదు. అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉంది. చంటిబిడ్డతో కూర్చునే చోటుంది. పొద్దున పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి సాయంత్రం దాకా బజారులో ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా 'మన బజారు, మన వ్యాపారి' అని ఎంత అరిచినా గొంతు నొప్పే మిగులుతుంది. ఈ పాపంలో వ్యాపారులకూ వాటా ఉంది. మెట్లు రోడ్డు మీదికి జరిపి, సరుకు కాలిబాట మీద పరిచి, కొనేవాడికి నిలబడే చోటు లేకుండా చేసుకున్నది ఎవరు?

చెయ్యగలరు, చెయ్యడం లేదు

'ఇరుకు బజారులో ఏం చెయ్యగలం' అని అధికారులు తప్పించుకుంటారు. అయ్యా, ఏటా బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి లక్షల మంది వస్తారు గదా! ఆ ఐదు రోజులు బండ్లు ఎక్కడ ఆగాలో, జనం ఎటు నడవాలో, నీళ్ళెక్కడ, మరుగుదొడ్లెక్కడ అన్నీ మీరే చూస్తారు గదా! ఐదు రోజులు చేతనైన పని తక్కిన రోజుల్లో ఎందుకు చేతకాదు? 2025లో మైపాడు రోడ్డులో కంటైనర్లతో వీధి వ్యాపారులకు 'స్మార్ట్ స్ట్రీట్' పేరుతో దుకాణాలు కట్టించారు. మంచిదే. ఆ చూపు నాలుగడుగులు ఇటు తిప్పమంటున్నాం. 2024 ఎన్నికల్లో నెల్లూరు నగరం నుంచి గెలిచిన నారాయణకే పురపాలక శాఖ దక్కింది. ఇక మనం ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

మా డిమాండ్లు చిన్నవే.

పెద్ద దుకాణానికి అనుమతి ఇచ్చే ముందు చిన్నబజారు, పెద్దబజారు, కాపువీధి, స్టోన్‌హౌస్‌పేట చుట్టుపక్కల చోటు వెతకాలి. మూతపడిన సినిమా హాళ్ళు, పాత గోడౌన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కార్పొరేషను జాబితా తీసి, యజమానులను, కంపెనీలను ఒక బల్ల ముందు కూర్చోబెట్టాలి.

వచ్చే కొట్టు తలుపు వీధికే తెరుచుకోవాలి. దాని పార్కింగు బజారుకొచ్చే అందరికీ పనికిరావాలి. సాయంత్రం పూట ముఖ్యమైన వీధుల్లో బండ్లు ఆపి, నడిచే జనానికి వదలాలి. ముసలివాళ్ళకు బస్టాండు నుంచి బ్యాటరీ ఆటోలు నడపాలి.

ఆడవాళ్ళకు మరుగుదొడ్లు ముందు కట్టాలి. ఫ్లెక్సీలు తర్వాత కట్టుకోవచ్చు.

వీధి వ్యాపారులను తరమకుండా 2014 చట్టం చెప్పినట్టు చోటు చూపాలి.

కౌంటరు వెనక నిలబడే పిల్లల సంగతి కూడా తేల్చాలి. పది, పన్నెండు గంటలు కాళ్ళ మీద నిలబెట్టే కొట్టు చిన్నదైనా పెద్దదైనా మాకు ఒకటే. అమ్మకాల పనివాళ్ళు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. మన దగ్గరికొచ్చే ప్రతి పెద్ద కొట్టూ పీఎఫ్, ఈఎస్ఐ, వారానికో సెలవు, కూర్చోను ఒక కుర్చీ ఇస్తానని రాసిచ్చాకే రిబ్బను కత్తిరించాలి.

చివరిగా మన మాట

మిత్రులారా! ఏ ఉద్యమంలోనైనా మనతో ముందు నిలబడింది ఎవరు? బంద్ అంటే షట్టరు దించింది ఎవరు? ధర్నా టెంట్లో కూర్చున్నప్పుడు పిలవకుండానే టీ పంపింది ఎవరు? జెండా ఏదైనా ఆ టీ డబ్బులు ఆ కొట్టాయన మనల్ని అడగలేదు. మాల్‌కు వినతిపత్రం ఇవ్వాలంటే ఎవరికివ్వాలో కూడా మనకు తెలియదు. మేనేజరు నెల తిరక్కుండా మారిపోతాడు, యజమాని ఏ నగరంలో ఉంటాడో!

ఉద్యోగులారా, జీతం పడిన వారంలో ఒక సాయంత్రం బజారుకు నడవండి. విద్యార్థులారా, బజారులో ఎన్ని షట్టర్లు మూతపడ్డాయో వీధి వీధీ తిరిగి లెక్క తీయండి. ఆ లెక్క పట్టుకుని కార్పొరేషను మెట్లెక్కుదాం.

1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరు ఊరూరా సారా దుకాణాలు మూయించింది. మూయించాల్సిన దుకాణాన్ని మూయించడం తెలిసిన జిల్లా మనది. నిలబెట్టాల్సిన దుకాణాన్ని నిలబెట్టడం కూడా నేర్చుకోవాలి.

గాజుల కొట్టు పెద్దాయన ఇంకా షట్టరు దించలేదు. ఆయన దించక ముందే మనం కదలాలి.