తలనొప్పికి తొలి పరీక్ష గోడ మీది క్యాలెండరే

మన ఇళ్లలో గోడ క్యాలెండర్ పని తిథులు, వర్జ్యాలు చెప్పడంతో అయిపోదు. పాలు పోయించుకోని రోజుకు ఒక గుర్తు, గ్యాస్ బండ మార్చిన తేదీకి ఒక గీత, చీటీ డబ్బు కట్టాల్సిన రోజుకు ఒక సున్నా. చాలామంది ఆడవాళ్లు నెలసరి వచ్చిన తేదీ దగ్గర కూడా ఇంట్లో మరెవరికీ అర్థం కాని ఓ చిన్న చుక్క పెట్టుకుంటారు. తలనొప్పితో మంచం పట్టిన రోజుకూ అలాగే ఓ గుర్తు పెట్టుకుంటే, కొందరికి ఏళ్ల తరబడి అంతుచిక్కని విషయం మూడు నెలల్లో తేలిపోతుంది. వారి క్యాలెండర్లో ఆ రెండు గుర్తులూ నెలనెలా పక్కపక్కనే కనిపిస్తాయి.

ఆ సంగతి తెలిసేలోపు ఏం జరుగుతుందో మనం ఎరిగినదే. తల ఒక పక్క పోటు పెడితే ‘కళ్లజోడు నంబరు మారిందేమో చూపించుకో’ అంటారు. వాంతి అయితే ‘పైత్యం చేసింది’ అంటారు. ముక్కు దిబ్బడ తోడైతే సైనస్ అంటారు. ఏదీ కాకపోతే ‘ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అనే మాట ఉండనే ఉంది. స్కాన్ తీయిస్తే ఏమీ లేదని వస్తుంది. స్కాన్‌లో ఏమీ లేదు కాబట్టి నొప్పి కూడా లేనట్టే లెక్క కడతారు. ఈ వరుసలో చాలాసార్లు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ‘నెలలో ఏ రోజుల్లో వస్తోంది?’ హార్మోన్లతో ముడిపడిన మైగ్రేన్‌కు వైద్యం ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలన్నది నా వాదన. వేసుకోదగిన మందు ఏది, ముట్టుకోకూడని మందు ఏది, ఏ ఆపరేషన్ వల్ల ప్రయోజనం ఉండదు అన్నవి తేల్చుకోవడానికి దారి అక్కడే మొదలవుతుంది.

ఇది అరుదైన సమస్య కాదు. కర్ణాటకలో 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసువారిని ఇంటింటికీ వెళ్లి ప్రశ్నించిన ఒక సర్వే ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఏడాది కాలంలో మైగ్రేన్ బాధ పడినవారు అందులో దాదాపు 25 శాతం, అంటే నలుగురిలో ఒకరు. ప్రపంచవ్యాప్త వ్యాధిభారంపై 2019 అంచనాల ప్రకారం మనుషుల రోజువారీ జీవితాన్ని కుంటుపరిచే కారణాల్లో మైగ్రేన్‌ది రెండో స్థానం. 50 ఏళ్లలోపు మహిళల్లో అయితే మొదటి స్థానమే.

చిన్నతనంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ మైగ్రేన్ ఇంచుమించు సమానంగానే వస్తుంది. రజస్వల అయ్యే వయసు నుంచి తేడా మొదలై, పెద్దయ్యాక మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని చూసి ‘ఒంట్లో హార్మోన్లు ఎక్కువైతే నొప్పి’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇబ్బంది వచ్చేది హార్మోన్ పడిపోయినప్పుడు.

ఈ సంగతిని స్పష్టంగా చూపించినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు బ్రయాన్ సోమర్‌విల్. 1972లో ఆయన ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నది కొద్దిమంది మహిళలే. కానీ ప్రయోగం ముచ్చటైనది. నెలసరికి కాస్త ముందు వారికి ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రక్తస్రావం వేళకే వచ్చింది, మైగ్రేన్ మాత్రం వెనక్కి జరిగింది. ఇంజెక్షన్ ప్రభావం తగ్గి ఈస్ట్రోజెన్ పడిపోయాకే నొప్పి మొదలైంది. ప్రొజెస్టిరాన్ ఇచ్చినప్పుడు ఇందుకు సరిగ్గా తలకిందులైంది. రక్తస్రావం ఆలస్యమైంది, మైగ్రేన్ వేళకు వచ్చేసింది. అంటే తలనొప్పి గర్భసంచి వెంట నడవడం లేదు, ఈస్ట్రోజెన్ తగ్గుదల వెంట నడుస్తోంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఆపరేషన్ ప్రస్తావనలో మళ్లీ అవసరమవుతుంది.

ఈస్ట్రోజెన్ తగ్గుదల ఆరోగ్యవంతులైన స్త్రీలందరిలోనూ జరిగేదే. మైగ్రేన్ ఉన్నవారి మెదడు ఆ మార్పుకు ఎక్కువగా స్పందిస్తుంది. తల, ముఖం నుంచి నొప్పి కబురు మోసుకెళ్లే ట్రైజెమినల్ నరం సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదల చేసి నొప్పిని రగిలిస్తుంది. ఈ సంగతులు వెలికితీసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. నెలసరి సమయంలో గర్భసంచి లోపలి పొర నుంచి వెలువడే ప్రోస్టాగ్లాండిన్లు కూడా దీనికి తోడవుతాయి. హార్మోన్ల రక్తపరీక్షలో అన్నీ మామూలుగానే ఉన్నాయని రావడానికి కారణం ఇదే. లోపం మోతాదులో లేదు కాబట్టి రక్తపరీక్షకు దొరకదు. క్యాలెండర్‌కు దొరుకుతుంది.

వైద్యుల అంతర్జాతీయ వర్గీకరణ కూడా క్యాలెండర్ మీదే ఆధారపడింది. రక్తస్రావం మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు ఉన్న ఐదు రోజుల్లో, మూడు నెలసరుల్లో కనీసం రెండింటిలో మైగ్రేన్ వస్తే, దానికి నెలసరితో సంబంధం ఉన్నట్టు. కొందరికి ఆ రోజుల్లోనే వస్తుంది. ఎక్కువమందికి మిగతా రోజుల్లోనూ వస్తుంది కానీ, నెలసరి నాటి నొప్పి ఎక్కువసేపు ఉండి, మందుకు త్వరగా లొంగదు. కాబట్టి రాసుకోవాల్సినవి నాలుగే: నెలసరి మొదలైన తేదీ, నొప్పి వచ్చిన తేదీ, అది ఎంతసేపుంది, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు. నిద్ర చెడిన రాత్రి, ఉపవాసమో పని తొందరో వల్ల భోజనం మానేసిన రోజు కూడా రాసుకుంటే మరీ మంచిది. హార్మోన్ తగ్గే రోజుల్లో ఇలాంటివి తోడైతే నొప్పి వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇక వైద్యం. మొదటిది, వచ్చిన నొప్పిని ఆపడం. న్యాప్రోక్సెన్, మెఫెనామిక్ యాసిడ్ వంటివి ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి కాబట్టి కడుపునొప్పికీ తలనొప్పికీ పనికొస్తాయి. అల్సర్, కిడ్నీ జబ్బు, కొన్ని రకాల ఉబ్బసం ఉన్నవారికి ఇవి పడవు. వీటితో తగ్గనివారికి మైగ్రేన్ కోసమే తయారైన ట్రిప్టాన్లు ఉన్నాయి. సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ మన దేశంలోనూ దొరుకుతాయి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, బీపీ అదుపులో లేనివారు వీటిని వాడకూడదు. ఏ మందైనా నొప్పి ముదరక ముందే వేసుకోవాలి. మైగ్రేన్ వచ్చినప్పుడు జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. ఆలస్యంగా వేసుకున్న మాత్ర ఒంటికి పట్టకపోవడానికి ఇదొక కారణం. పైత్యం అనుకునే వాంతి కూడా మైగ్రేన్ లక్షణమే, దానికి కారణం కాదు.

రెండోది, తేదీ తెలిసిన నొప్పిని ముందే కాచుకోవడం. క్యాలెండర్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. నెలసరి క్రమంగా వచ్చేవారికి ఆ ఐదారు రోజులు మాత్రమే న్యాప్రోక్సెన్ గానీ, ఫ్రోవాట్రిప్టాన్, జోల్మిట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్ గానీ డాక్టర్లు ఇస్తారు. నెలంతా మందు మింగాల్సిన పని ఉండదు. ఏ రోజున మొదలుపెట్టాలో చెప్పాల్సింది మాత్రం రోగి రాసుకున్న లెక్కే.

మూడోది, నొప్పి తరచుగా వచ్చేవారికి రోజూ వేసుకునే నివారణ మందులు. ప్రొప్రనలాల్, ఎమిట్రిప్టిలిన్ వంటి పాతవి చవకగా దొరుకుతాయి. సీజీఆర్‌పీని అడ్డుకునే కొత్త ఇంజెక్షన్లూ వచ్చాయి గానీ వాటి ధర అందరికీ అందేది కాదు. ఒక జాగ్రత్త తప్పదు. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీకి వీటిని రాసేముందు ఆ మాట చెప్పడం డాక్టర్ బాధ్యత, అడగడం మన హక్కు.

ఈ మూడింటికీ అడ్డుపడేది మందుల షాపు అలవాటు. పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్, కెఫీన్ కలిపిన మాత్రలు 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా వాడితే, మందే కొత్త తలనొప్పిని తెచ్చిపెడుతుంది. నెలకు మూడు రోజులుండే బాధ నెలంతా పాకే దారుల్లో ఇదొకటి.

అన్నింటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది హార్మోన్ మాత్రల విషయం. కొందరికి నొప్పికి ముందు కళ్ల ఎదుట వంకరటింకర గీతలు మెరుస్తాయి. చూపులో కొంత భాగం మసకబారుతుంది. చేతి నుంచి ముఖం వైపు తిమ్మిరి పాకుతుంది, మాట తడబడుతుంది. ఐదు నిమిషాల నుంచి గంటలోపు ఉండే ఈ దశను వైద్యులు ‘ఆరా’ అంటారు. ఆరా ఉన్నవారికి పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారికంటే దాదాపు రెట్టింపు. వయసులో ఉన్నవారికి ఆ ముప్పు మొత్తంగా తక్కువే అయినా, ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే ఆరా ఉన్నవారు ఏ వయసులోనైనా ఇలాంటి మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరా లేకున్నా 35 ఏళ్లు దాటినవారికి సాధారణంగా వద్దంటాయి.

మన ప్రభుత్వం పంచే మాలా-ఎన్ ఈ కోవలోదే. ప్యాకెట్లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఐరన్ మాత్రల వారంలో తలనొప్పి వస్తోందంటే అది హార్మోన్ ఆగినందువల్లేనేమో చూడాలి. ఆరా లేని కొందరికి విరామం లేకుండా హార్మోన్ ఇచ్చి ఆ తగ్గుదలను తప్పించే పద్ధతి ఉంది. ఆరా ఉన్నవారికి హార్మోన్ లేని కాపర్-టీ, ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్ ఒక్కటే ఉన్న సాధనాలు ఉన్నాయి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ‘ఛాయ’ మాత్రలోనూ ఈస్ట్రోజెన్ లేదు. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టర్ తేల్చాలి. తేల్చాలంటే ముందు ఆరా గురించి అడగాలి.

వ్రతాలకు, పెళ్లిళ్లకు, తీర్థయాత్రలకు నెలసరిని వాయిదా వేసే మాత్రల సంగతీ ఇదే. చీటీ లేకుండా కొనుక్కునే నోరెథిస్టెరోన్‌లో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్ రకంగా మారుతుంది. ఆరా ఉన్నవారు అడగకుండా వేసుకోదగిన మాత్ర కాదది.

చివరిది గర్భసంచి తొలగింపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత లెక్కల్లో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. ‘సంచి తీసేస్తే ఈ బాధలన్నీ పోతాయి’ అనే మాట ఇంత మామూలైన చోట మైగ్రేన్ ఉన్న స్త్రీ చెవిన కూడా అది పడుతుంది. సోమర్‌విల్ ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నొప్పి గర్భసంచి వెంట నడవదు. దాన్ని తీసేసినా అండాశయాలు ఉన్నంతకాలం ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుళ్లు ఉంటాయి. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్ ఒక్కసారిగా కూలి, చాలామందిలో మైగ్రేన్ పెరుగుతుంది. మైగ్రేన్ ఒక్కటే కారణంగా గర్భసంచి తీయడానికి వైద్యశాస్త్రంలో చోటు లేదు. కాలం గడిచి నెలసరి తనంతట తాను ఆగిపోయాక చాలామందికి నొప్పి తగ్గుతుంది. అంతకుముందు కొన్నేళ్లు మాత్రం పెరగొచ్చని తెలిసి ఉంటే కంగారుపడి ఆపరేషన్‌కు పరుగెత్తరు.

ప్రతి తలనొప్పినీ క్యాలెండర్‌కే వదిలేయమని అనడం లేదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరమో, కాలుచేయి పడిపోవడమో, తగ్గని మాట తడబాటో తోడైన నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణికి గానీ, ప్రసవమైన కొద్ది వారాల్లో గానీ కొత్తగా తీవ్రమైన తలనొప్పి వస్తే అసలు ఆగకూడదు. అధిక రక్తపోటు వల్లో, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం వల్లో అది రావచ్చు.

వీటిలో చాలా వాటికి కొత్త యంత్రాలు, పెద్ద ఆసుపత్రులు అక్కర్లేదు. గర్భనిరోధక మాత్ర చేతిలో పెట్టే ప్రతి ఒక్కరూ, ఆశా కార్యకర్త నుంచి గైనకాలజిస్టు దాకా, మూడు ప్రశ్నలు అడగడం రివాజు కావాలి. తలనొప్పి నెలలో ఏ రోజుల్లో వస్తోంది? దానికి ముందు చూపులోగానీ, మాటలోగానీ తేడా కనిపిస్తోందా? నెలకు ఎన్ని రోజులు నొప్పి మాత్రలు మింగుతున్నారు? ఎవరూ అడగకపోతే మనమే చెప్పాలి. వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఫిల్ముల సంచితో పాటు, గుర్తులు పెట్టిన ఆ మూడు నెలల క్యాలెండర్ కాగితాలు కూడా పట్టుకెళ్లండి.