పుట్టబోయే బిడ్డకు దుప్పటి



భీమవరం దగ్గర ఒక పల్లె నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బైబిల్లోనే ఉంది. ఆమె కోడలికి ఆరవ నెల. పుట్టబోయే మనుమడికో మనుమరాలికో తన చేత్తో ఒక దుప్పటి అల్లాలని ఆమె ఆశ. ఆడపడుచు మాత్రం, "బిడ్డ పుట్టకముందే గుడ్డలు సిద్ధం చేయకూడదు వదినా, కీడు" అంటోందట. "మనం విశ్వాసులమే గదా, అయినా మనసులో పీకుతోంది. మొదలుపెట్టనా, ఆగనా?" అని అడిగారు.

మొదలుపెట్టండమ్మా.

ఇది ఊరికే ధైర్యం చెప్పే మాట కాదు. నా మొదటి కానుపుకు నేను నాలుగో నెలలోనే అల్లిక పట్టుకొన్నాను. మా అత్తగారు ఏ ఆదివారమూ ఆరాధన మాననివారే గాని, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వుతూ నా సూది దాచిపెట్టేవారు. ఎనిమిదో నెలలో బిడ్డ దక్కలేదు. పలకరించడానికి వచ్చినవారిలో ఒకావిడ వాకిట్లో నిలబడి, నాకు వినబడేలాగే, "ముందే దుప్పటి అల్లింది మరి" అంది. సగమైన దుప్పటిని ట్రంకుపెట్టె అడుగున పడేశాను. ఆవిడ మాటే నిజమని చాలా నెలలు నమ్మాను. తరువాత ఒక డాక్టరమ్మ నా పాత చీటీలు ముందు పెట్టుకొని, ప్రతి నెలా రక్తపోటు ఎలా పెరుగుతూ వచ్చిందో వేలుపెట్టి చూపించింది. అప్పటికి గాని ఆ బరువు దిగలేదు.

కనుక దుప్పటికన్నా ముందు కోడలికి నెల తప్పకుండా బి.పి. చూపించండి. విడవని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఆడపడుచుగారికి ఒక సంగతి చెప్పండి. బేత్లెహేములో మరియకు సత్రంలో స్థలం దొరకలేదు, కాని పొత్తిగుడ్డలు మాత్రం ఉన్నాయి. అవి ఎక్కడివో లూకా వ్రాయలేదు. నజరేతులోనే సర్దుకొని మూటలో పెట్టుకొని బయలుదేరిందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక అల్లిక. మన నరసాపురం, పాలకొల్లు వైపు స్త్రీలకు క్రోషా కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన పని అది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే లేసు అందమంతా కన్నాలలోనే ఉంటుంది. పసిబిడ్డ దుప్పటికి ఆ కన్నాలే పనికిరావు, చిట్టి వేళ్ళు చిక్కుకొంటాయి. కన్నం లేకుండా, తడిమితే గింజలు గింజలుగా తగిలే అల్లిక కావాలి. దానికి రెండు కుట్లు వస్తే చాలు.

మొదటిది పొట్టి కుట్టు. సూదిని కిందికుట్టులో దూర్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి, రెండింటిలోంచి దారం ఒకేసారి లాగాలి. రెండోది పొడుగు కుట్టు. ముందే సూదికి ఒకసారి దారం చుట్టుకొని దూర్చాలి. మూడు ఉచ్చులు వస్తాయి, వాటిని రెండేసి చొప్పున రెండుసార్లుగా తీయాలి. ఇంగ్లీషు పుస్తకాలు చూసేవారు జాగ్రత్త. అమెరికావారు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిషువారు డబుల్ అంటారు. అమెరికావారి డబుల్ వీరికి ట్రెబుల్. ఈ తికమకలో నేను ఒకసారి మూరెడు అల్లి విప్పుకొన్నాను.

నాలుగు మిల్లీమీటర్ల సూది, మెత్తని మధ్యరకం నూలు దారం సుమారు అరకిలో తీసుకోండి. మన ఎండలకు ఉన్నికన్నా నూలే మేలు. 121 గొలుసులు వేయండి. సూది నుండి రెండో గొలుసులో పొట్టి కుట్టు, ఆ తరువాతి గొలుసులో పొడుగు కుట్టు, ఇలా మార్చి మార్చి చివరిదాకా వేస్తే 120 కుట్లు వస్తాయి, వరుస పొడుగు కుట్టుతో ముగుస్తుంది. ఒక గొలుసు వేసి తిప్పండి. ఇప్పుడు పొడుగు దాని మీద పొట్టి, పొట్టి దాని మీద పొడుగు. ఇక అన్ని వరుసలూ ఇంతే. వెడల్పు సుమారు ముప్పై అంగుళాలు వస్తుంది. మీ చేతి బిగువును బట్టి కాస్త మారవచ్చు, అందుకని ముందు జానెడు ముక్క అల్లి చూసుకోండి. పొడవు ముప్పైఆరు అంగుళాలయ్యాక ఆపవచ్చు. రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, తిరగేశామన్న బాధ లేదు.

కుచ్చులు, బంతులు కట్టకండి. దారం కొసలను లోపలికి బాగా కుట్టేయండి. వ్రేలాడే పోగు బిడ్డ వేలికి చుట్టుకొంటే రక్తం ఆడదు. ఏడాది నిండేవరకు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఏ దుప్పటీ వదులుగా కప్పకూడదు, ముఖం మీద పడుతుంది. ఒడిలో కప్పడానికి, మీ కళ్ళ ముందు నేల మీద పరిచి ఆడించడానికి వాడండి. ఉతికాక తీగ మీద వ్రేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి.

దాచేటప్పుడు కలరా ఉండలు వద్దే వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతో వచ్చే ఒక లోపం వలన ఆ ఆవిరికే రక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. ఎండిన వేపాకు చాలు.

నేను మూడేళ్ళ తరువాత పెట్టె తీసి, మిగతా సగం అల్లి పూర్తి చేశాను. ఈసారి మా అత్తగారే దారపు చుట్ట పట్టుకొని కూర్చున్నారు. కొత్త దారం పాతదానితో కలవలేదు. చీటీ మీది లాటు నంబరు చూసి అంతా ఒకేసారి కొనాలని అప్పుడు తెలియదు. సగం గోధుమ ఛాయ, సగం మల్లెతెలుపు. మా అబ్బాయికి పెళ్ళయింది, ఆ దుప్పటి ఇప్పటికీ వాడి బీరువాలోనే ఉంది.

ఉత్తరం వ్రాసిన తల్లీ, మీ కోడలి పేరు, డాక్టరు చెప్పిన తేదీ వ్రాసి పంపండి. మా స్త్రీల సమాజం బుధవారం కూడికలో జ్ఞాపకం చేసికొంటాం.