నోటి క్యాన్సరు - ఉమ్మి పరీక్ష

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు మూడును 2016 వఱకు ఓరుగల్లు జిల్లాలోనివే. నేడవి వేర్వేఱు జిల్లాలకు ముఖ్యపట్టణములు. మహబూబాబాదునకు 2022లోను, తక్కిన రెంటికి 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు లభించినవి. ఈ కళాశాలలు పూనుకొనదగిన కార్యమొకటి కలదు.

2022లో భారతదేశమున 1,40,000 మందికి పైగా నోటి క్యాన్సరు కొత్తగా సోకినట్లు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి అంచనా. కారణము గూఢము కాదు: గుట్కా, జర్దా, వక్క, చుట్ట, బీడీ, మద్యము. నోరు తెఱచి చూచిన కానవచ్చు వ్యాధియే అయినను, కడుపులో దాగిన వ్యాధివలె ఆలస్యముగా తెలియవచ్చుచున్నది! నొప్పిలేని తెల్లమచ్చను ఎవరు లక్ష్యపెట్టుదురు? ముద్ద మింగుడుపడని నాడు గదా హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి ప్రయాణము.

జీవకణములోని డి.ఎన్.ఎ. ఒక గ్రంథమనుకొందము. అందలి సైటోసీను అను అక్షరమునకు, ఒక కర్బన పరమాణువు, మూడు ఉదజని పరమాణువులు గల మిథైలు ఖండము అంటుకొనుటయే మిథైలేషను. అక్షరము మారదు, కాని ఆ పుటకు మూత పడును. కణముల పెరుగుదలను అదుపులోనుంచు పి16 వంటి జన్యువునకు ఇట్లు మూత పడెనా, కణము కట్టు తెంచుకొనును. ఈ మార్పు కొందఱిలో తెల్లమచ్చ దశయందే కానవచ్చుచున్నది. నోటి కణములు ఉమ్మిలో రాలుచుండును గనుక ఉమ్మితోనే దానిని పసిగట్టవచ్చును. కత్తి లేదు, సూది లేదు.

ఆశ గొప్పదే. కాని మిథైలేషను వయస్సుతోను, పొగాకుతోను గూడ మారుచుండును. ఏది క్యాన్సరు గుర్తో, ఏది కేవలము చుట్ట గుర్తో వేఱుచేయుట సులభము కాదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచుటయే ఇప్పటికిని నిశ్చయ ప్రమాణము. మఱియు, వక్కయు సున్నమును ఎఱుగని పరదేశపు నోళ్లపై కట్టిన కొలత మన గుట్కా నోళ్లకు సరిపోవునా? ఈ మూడు కళాశాలలును రోగుల సమ్మతితో ఉమ్మి నమూనాలు భద్రపఱచి, ఏండ్ల తరబడి వారిని కనిపెట్టి చూచినచో, ఆ కొలత మన నేలమీదనే తేలును.

అంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. తిరువనంతపురము జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి నోళ్లు పరీక్షింపగా, పొగాకు, మద్యము అలవాటున్నవారిలో ఈ వ్యాధి మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 2005లో ప్రకటితమైనది. దానికి కావలసినవి ఒక దీపము, ఒక చెక్కపుల్ల, తర్ఫీదు పొందిన కన్ను! 30 ఏండ్లు దాటినవారి నోళ్లు చూడవలెనను ప్రభుత్వ కార్యక్రమము మనకును ఇదివఱకే కలదు. మహబూబాబాదు తండాలలోను, భూపాలపల్లి బొగ్గుగనుల కార్మిక వాడలలోను, జనగామ మార్కెట్టు యార్డులోను ఎన్ని నోళ్లు చూచిరో, ఎందఱిని పై ఆసుపత్రికి పంపిరో, జిల్లా వైద్యాధికారులు నెలనెలకు ప్రకటింపవలెను. కూలీలకు పొగాకు పంచిపెట్టు ఆసాములెవరైన ఉన్నచో, ఈ లెక్కలను వారును చదువుదురు గాక.