వీరనారి ఎవరి సొత్తు?

తెలుగులో వీరనారి అనగానే రుద్రమ గుర్తొస్తుంది. సైన్యం పరిభాషలో మాత్రం వీరనారి అంటే అమరుడైన సైనికుడి భార్య. యుద్ధం ఆయనది, బిరుదు ఆమెది. ఆ బిరుదుతోపాటు షరతులూ వచ్చాయి.

21 పారా స్పెషల్ ఫోర్సెస్‌కి చెందిన కల్నల్ సంతోష్ మహాదిక్ 2015 నవంబరులో కుప్వారాలో మిలిటెంట్లతో పోరాడుతూ చనిపోయారు. మరణానంతరం శౌర్యచక్ర ఇచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆయన భార్య స్వాతి, చెన్నైలో కఠినమైన శిక్షణ పూర్తిచేసి 2017 సెప్టెంబరులో లెఫ్టినెంట్ అయ్యారు. అయినా మెచ్చుకోళ్లన్నీ ‘భర్త అడుగుజాడల’ చుట్టూనే తిరిగాయి. అడుగులు ఆమెవి కావా?

ఆ రోజుకింకా ఒక నిబంధన అమల్లో ఉంది. శౌర్య పతకంతో వచ్చే నగదు భత్యం, వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. భర్త సోదరుణ్ని చేసుకుంటే మాత్రం ఆగదు! ఈ షరతును రక్షణశాఖ 2017 నవంబరులో గానీ తొలగించలేదు. అంటే అన్నేళ్లూ ప్రభుత్వం గౌరవించింది ఆమె దుఃఖాన్ని కాదు, ఆ ఇంటి హక్కుని.

కాగితం మీద షరతు పోయింది. మన పొగడ్తల్లోంచి పోయిందా? ఆమె ఎవరితో బతకాలో నిర్ణయించేది గౌరవం కాదు, కాపలా.