నోటిమాటపై అప్పీలు లేదు

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి గల్ఫు దేశాలకు పోయిన కార్మికుడు ఏండ్ల తరబడి చెమటోడ్చి, తిరుగు ప్రయాణంలో వంటపాత్రలు, దుప్పట్లు, కుట్టుమిషను ఒక పెట్టెలో కట్టి ఓడకు అప్పగిస్తాడు. మనిషి ఇల్లు చేరుతాడు; పెట్టె కస్టమ్స్ గిడ్డంగిలో ఆగిపోతుంది.

1962 నాటి కస్టమ్స్ చట్టం అతనికి హక్కులు లేకుండా చేయలేదు. వాడుకొన్న సామానును నిబంధనల మేరకు సుంకం లేకుండా వదలివేయడానికి 79వ సెక్షను అవకాశమిచ్చింది. అధికారి ఉత్తర్వు అన్యాయమనిపిస్తే, అది అందిన 60 రోజులలో అప్పీలు చేసుకొనవచ్చునని 128వ సెక్షను చెప్పుచున్నది.

అయితే ఉత్తర్వు ఏది? ఒకనాడు పాస్‌పోర్టు నకలు, మరొకనాడు సామాను జాబితా, ఇంకొకనాడు "రేపు రమ్ము" అన్న మాట. నోటిమాటపై అప్పీలు లేదు. ఈలోగా గిడ్డంగి అద్దె పెరుగుతుంది, దళారి జేబు నిండుతుంది.

తనిఖీ వలదని మేము అనుట లేదు, దొంగరవాణాను అరికట్టవలసినదే. చాలినంత సిబ్బంది లేక నలిగే కస్టమ్స్ గుమాస్తా కూడా మన సోదరుడే. కోరునది ఒక్కటే: కావలసిన పత్రాలన్నిటిని ఒకేసారి, తెలుగులో, వ్రాతమూలకంగా తెలుపవలెను. కార్యాలయపు జాప్యానికి అద్దెను కార్మికునిపై మోపరాదు.

సోదరులారా! తపాలా కౌంటరులోగాని, రైల్వే పార్సెలు ఆఫీసులోగాని మనము రసీదు ఇవ్వక పొట్లము పుచ్చుకొనము. ఆ పాటి మర్యాద గల్ఫు కార్మికుని పెట్టెకూ దక్కవలెను.