అమరావతికి ఒక ఆదివారం



అమరావతి అంటే ఏమిటని పిల్లల్ని అడిగితే "మన రాజధాని" అంటారు. నిజమే. కానీ రాజధానికి ఆ పేరు ఇచ్చింది కృష్ణ ఒడ్డున ఉన్న ఒక చిన్న పాత ఊరు. విజయవాడ నుంచి గంట, గంటన్నర ప్రయాణం. మా క్లాసులో దాన్ని చూసిన పిల్లలు చాలా తక్కువ.

అక్కడి మహాస్తూపానికి రెండు వేల ఏళ్లు దాటాయి. దాని రాళ్ల మీద దానం ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. వ్యాపారులు, భిక్షుణులు, మామూలు గృహస్థులు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. మన రాష్ట్ర చిహ్నంలోని పూర్ణఘటం కూడా అమరావతి శిల్పం నుంచి వచ్చిందే. తొలి తెలుగు పదంగా చెప్పుకునే ‘నాగబు’ దొరికింది కూడా ఇక్కడి రాతి మీదే.

1797లో కాలిన్ మెకంజీ వచ్చేసరికే జనం ఆ రాళ్లను కట్టడాలకు తీసుకెళ్తున్నారు. కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటిని తిరిగి ఇమ్మని అడగడం న్యాయమే. అయితే ఇక్కడ మిగిలినవాటినే మనం చూడకపోతే, ఆ మాట అడగడానికి మనకు బలం ఎక్కడిది?

మ్యాథ్స్‌కు, సైన్స్‌కు ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టమని మీలో చాలామంది అడుగుతారు. సోషల్‌కు అడిగినవాళ్లు నాకింకా తారసపడలేదు. మార్కుల పోటీ నాకు తెలియనిది కాదు, నేనూ అందులో చదివినదాన్నే. కానీ ‘మై నేటివ్ ప్లేస్’ అని ఎస్సే ఇస్తే పిల్లలు గైడులోంచి బట్టీ పట్టి రాస్తున్నారు. వాక్యాల్లో తప్పులుండవు. వాళ్ల ఊరూ ఉండదు. చూడనిదాని గురించి ఏ భాషలోనైనా సొంతంగా ఏం రాస్తారు?

అమరేశ్వరస్వామి గుడికి మీరు ఎలాగూ వెళ్తుంటారు. ఈసారి దగ్గర్లోనే ఉన్న పురావస్తు శాఖ మ్యూజియంలో ఒక గంట గడపండి. దానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారం వెళ్లండి. లోపల పూర్ణఘటం ఎక్కడుందో పిల్లల్నే వెతకమనండి. ఇంటికి వచ్చాక పది వాక్యాలు రాయించి పంపండి, ఇంగ్లిష్‌లోనైనా తెలుగులోనైనా సరే. తప్పులుంటే నేను దిద్దుతాను.