వంటింటి ముచ్చట్లు: నిన్నటి దుంపలు

పూరీకూర కోసమని కిలో బంగాళాదుంపలు ఉడకబెడతాం. ముప్పావు కిలోతో సరిపోతుంది. మిగిలిన రెండు మూడు దుంపలు గిన్నెలో అలాగే ఉండిపోతాయి. మర్నాడు వాటిని చూచి పిల్లలు మూతి ముడుస్తారు. చివరకు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. అందరూ భోంచేసి లేచాక ఇల్లాలు ఆ దుంపల మీద ఇంత ఉప్పూ కారం చల్లుకొని, పొయ్యి దగ్గర నిలబడే తినేస్తుంది, పారేయడానికి మనసొప్పక. ఆ పూటకు అదే ఆమెకు కూర. ఈ అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు. వేడివేడిది మిగతావారికి, మిగిలింది ఆమెకు అనే లెక్క ఎవరు పెట్టారు? నిజానికి చల్లారిన దుంప అందరి కంచాల్లోకీ రాదగినదే.

అప్పుడే ఉడికిన దుంపను కోస్తే కత్తికి అంటుకుంటుంది, మూకుడులో వేస్తే ముద్దవుతుంది. చల్లారేకొద్దీ దానిలోని పిండిపదార్థం మళ్లీ గట్టిపడుతుంది. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి కోసి చూడండి, ముక్క అంచు చెదరదు. వేపుడుకు కావలసింది అదే. ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనె కాచి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, నాలుగు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు వేయండి. పసుపు వేసి ముక్కలు పరవండి. ఇక ఊరికే గరిటె పెట్టి కెలకవద్దు! ఒక పక్క ఎర్రబడ్డాకే తిప్పాలి. ఉప్పు, కారం చివర. పది నిమిషాల్లో అయిపోతుంది. పప్పుచారులోకి ఈ వేపుడుంటే ఇంకొకటి అడగరు. కట్‌లెట్లకూ ఇవే మేలు, నూనెలో విడిపోవు.

దుంపలను దాచుకోవడంలో అసలు నేర్పరులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వాళ్లు. దుంప పుట్టిల్లు అదే కదా. అక్కడ రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి ఏళ్ల తరబడి నిలవ చేస్తారు. దానిని చూన్యో అంటారు. మనకు అంత ప్రయాస అక్కరలేదు గాని, కొంచెం జాగ్రత్త కావాలి. మన ఎండల్లో ఉడికిన దుంపను గంటకు మించి బయట ఉంచవద్దు. తొక్కతోనే మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు వాడుకోవచ్చు. రాత్రంతా గట్టుమీద వదిలేసినవి, జిగురు పట్టినవి పారేయాల్సిందే, అక్కడ పొదుపు పనికిరాదు. పచ్చబడ్డ, చేదెక్కిన దుంపలను అసలు ఉడకబెట్టవద్దు. వాటిలోని విషపదార్థం ఉడికించినా పోదు.

ఇంట్లో మధుమేహం ఉన్నవారికి ఒక మాట. చల్లారిన దుంపలో పిండి కొంతవరకు త్వరగా జీర్ణం కాని రూపంలోకి మారుతుంది, మళ్లీ వేడిచేసినా అందులో కొంత నిలుస్తుంది. అలాగని కడుపునిండా తినవచ్చునని కాదు. 100 గ్రాముల ఉడికిన దుంపలో సుమారు 87 కాలరీలుంటాయి, అంతే తూకం అన్నంలో సుమారు 130. కాబట్టి దుంప తిన్నపూట అంత అన్నం తగ్గించుకోవాలి. మనమేమో అన్నంలోనే కూరగా కలిపి తింటాం! మూత్రపిండాల జబ్బు ఉండి, పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు మాత్రం అడిగి తినాలి.

పళ్లు లేని పెద్దవారికి పెరుగుపచ్చడి చేసి పెట్టండి. రెండు దుంపలు తొక్క తీసి చేత్తో మెదపండి, మరీ మెత్తగా వద్దు. కప్పున్నర చిక్కటి పెరుగు, ఉప్పు, సన్నగా తరిగిన అల్లం, ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. ఆవాలు, జీలకర్ర, ఇంగువ పోపు చల్లారాక వేయండి. చద్దన్నంలోకి ఎంతో రుచి. కలిపి అరగంట ఉంచితే దుంప పెరుగును పీల్చుకుంటుంది, వడ్డించేముందు కాసిని పాలు పోసుకోండి.